కాలేజీ చూపించినందుకు మెమో

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక లెక్చరరమ్మాయి నాకు ఫోన్ చేసింది. "మేడం, అడ్మిషన్ల మీటింగ్‌ల హైస్కూల్ టీచర్లతోని సత్సంబంధాలు పెంచుకోవాలె అని చెప్పిన్రు. గది ఎట్ల చెయ్యాలె? మీకు మస్తు పరిచయాలుండె అని అందరు అంటున్నరు" అని అడిగింది. పాపం, మర్యాదగానే అడిగింది. అయినా నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు, ఆ మాట మీద. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ప్రతి ఏడాదీ ఆ మాట విన్నాను. ఒకసారి దాన్ని నమ్మి, నిజంగానే ఆచరించాను. తరువాత ఏం జరిగిందో ఫోన్‌లో చెప్పబోయాను కాని, గొంతు పెరిగిపోతుంటే మధ్యలోనే పెట్టేశాను. అందుకే రాస్తున్నాను. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో కొత్తగా చేరిన మీరందరూ ఒకసారి చదవండి.

నేను బోటనీ చెప్పేదాన్ని. తాండూరు వైపు ఒక కాలేజీలో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మా కాలేజీలకు పిల్లలు వాళ్ళంతట వాళ్ళు రారు. పదో తరగతి పరీక్షలు ఇంకా మొదలు కాకముందే ప్రైవేటు కాలేజీల మనుషులు ఊళ్ళ మీద పడతారు. వాళ్ళ వెనకాల మేము. కరపత్రాలు సంచిలో వేసుకొని యాలాల్ వైపు ఇద్దరు, కుల్కచర్ల వైపు ఇద్దరు, రైలెక్కి ధారూర్ వైపు ఒకరు. హెడ్మాస్టరుకు నమస్కారం పెట్టి, కరపత్రాలు పంచి, ఫొటో దిగి ఆ ఫొటోను వాట్సాప్ గ్రూపులో పెడితే సత్సంబంధం ఏర్పడినట్టే లెక్క.

ఒక ఏడాది యాలాల్ దాటాక ఉన్న ఒక హైస్కూలు నా వంతుకు వచ్చింది. ఊరి పేరు రాయను. నేను వెళ్ళేసరికి హెడ్మాస్టరు లేడు. స్టాఫ్ రూంలో సైన్స్ సార్ ఒక్కడే కూర్చొని పేపర్లు దిద్దుకుంటున్నాడు. నాకంటే ఏడెనిమిదేళ్ళు చిన్న, సన్నగా, కాస్త ముక్కుసూటి మనిషి. కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. కరపత్రం మాత్రం అందుకోలేదు.

"మేడం, ఏమనుకోకండి. మీరు ఏడాదికొక్కపారి వస్తరు, ఓట్లకొచ్చినట్టు. మా పిల్లలు మీ కాడికొచ్చి ఫెయిలైతే స్కూల్ల ఏం నేర్పలే అని మమ్మల్ని అంటరు. పాసైతే ఫ్లెక్సీ మీద మీ ఫొటోలు పెట్టుకుంటరు. నడుమల ఒక్క దినమన్న ఫోన్ చేసి, సార్, మీ పిల్ల గిట్ల చదువుతున్నది అని చెప్పిన్రా?"

నాకు చురుక్కుమంది. ఏదో సమాధానం చెప్పి బయటపడ్డాను. తిరుగు బస్సులో నాపరాయి బండల లారీలు లేపే తెల్లదుమ్ముకు కొంగు అడ్డం పెట్టుకొని కూర్చుంటే, ఆ మాటలే చెవిలో తిరిగాయి. మా స్టాఫ్ రూంలో హైస్కూలు టీచర్లను తిట్టుకోని రోజు లేదు. కాని మాలో ఒక్కరికైనా ఆ టీచర్ల ఫోన్ నంబర్లు తెలియవు.

ఆ నవంబరులో మళ్ళీ వెళ్ళాను. అది అడ్మిషన్లతో ఏ సంబంధమూ లేని నెల. సైన్స్ సార్ నన్ను చూసి, "ఏం మేడం, దారి తప్పి వచ్చిన్రా?" అన్నాడు.

"లేదు సార్. పదో తరగతికి ఒక గంట పాఠం చెప్పి పోదామని వచ్చాను."

అతను నా వంక అనుమానంగా చూసి, సరే అన్నట్టు తలూపాడు. బడిలో మైక్రోస్కోపు ఉందా అని అడిగితే గోడవారగా ఉన్న బీరువా చూపించాడు. "ఉన్నది మేడం, కొత్తది. తాళం హెడ్ సార్ కాడ ఉంటది. పగుల్తదని బయటికి తియ్యనియ్యడు. ప్లాస్టిక్ కవర్ గూడ విప్పలే." పిల్లలు మాత్రం దాని బొమ్మ వేసి భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకుంటున్నారు!

తరువాతి శనివారం మా ల్యాబులోని మైక్రోస్కోపు ఒకటి పాత చీరలో చుట్టి, ఒళ్ళో పసిబిడ్డను పెట్టుకున్నట్టు పెట్టుకొని బస్సులో తీసుకెళ్ళాను. ఉల్లిపొర తీసి గాజుపలక మీద పెట్టి చూపించాను. ఒక పిల్ల కన్ను ఎత్తకుండా చూసి, "మేడం, గిది మనం కూరల ఏసుకునే ఉల్లిగడ్డనేనా?" అంది. ఆమె వెనుక ఉన్నవాళ్ళు తోసుకుంటుంటే సైన్స్ సార్ కోప్పడలేదు. తనూ వరుసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చాక చూసి, "డిగ్రీ అయినంక మళ్ల ఇప్పుడే చూస్తున్న" అన్నాడు.

అలా మొదలైంది. ఆ తరువాత ఏటా పరీక్షల ముందు ఒక శనివారం అతను తన పదో తరగతి పిల్లలను ఆటోల్లో మా కాలేజీకి తీసుకొచ్చేవాడు. ల్యాబులన్నీ తెరిచి పెట్టేదాన్ని. మిగతా రోజుల్లో ఫోన్లు. మీరు ఏమేమో ఊహించుకోకండి, ఆ ఫోన్లలో మాట్లాడుకొన్నదంతా పిల్లల గురించే. అతను చెప్పేవి ఇలాంటివి: ఫలానా పిల్లవాడు లెక్కల్లో చురుకు, కాని బోర్డు కనబడదు, అద్దాలు పెట్టించమని వాళ్ళ నాన్నకు నేను చెప్పాను, మీరూ చెప్పండి. ఫలానా పిల్ల సోమవారం రాకపోతే అనుమానించండి, ఇంట్లో పత్తి పనికి పంపుతారు. ఒక పిల్ల మా కాలేజీలో చేరినప్పుడు అతను ప్రత్యేకంగా ఫోన్ చేశాడు. బండల పాలిష్ యూనిట్‌లో పనిచేసే ఒక సాయిబు గారి బిడ్డ. "మేడం, ఆమెకు నత్తి. ప్రశ్న అడిగి జర ఆగండి. తొందరపెడ్తే నోరు మూస్కుంటది. ఆగితే మాత్రం క్లాసుల అందరికన్న మంచి జవాబు చెప్తది."

ఆగాను. అతను చెప్పినట్టే చెప్పింది. ఆ ఒక్క మాట నాకు ముందుగా తెలియకపోతే మొద్దు పిల్ల అనుకొని రెండేళ్ళు వెనక బెంచీలో వదిలేసేదాన్ని. సత్సంబంధం అంటే నాకు తెలిసింది ఇదే. ఇంతకుమించి ఏమీ లేదు.

ఆ బడి హెడ్మాస్టరుకు కూడా సత్సంబంధాలు ఉండేవి. హైదరాబాదు నుంచి వచ్చే ఒక ప్రైవేటు కాలేజీతో. ఆయన గదిలో గోడ గడియారం ఆ కాలేజీది. క్యాలెండరు ఆ కాలేజీది. టీచర్స్ డే నాడు తొడుక్కొన్న సఫారీ బట్ట కూడా ఆ కాలేజీదేనని సైన్స్ సార్ అనేవాడు. ఆ కాలేజీ మనిషి ఏటా వచ్చి తరగతిలో మాట్లాడేవాడు, పిల్లల ఇళ్ళ ఫోన్ నంబర్లు పట్టుకుపోయేవాడు.

ఆ పాలిష్ యూనిట్ పిల్ల మా దగ్గర రెండో సంవత్సరం చదువుతున్న ఏడాది జరిగింది ఇది. సైన్స్ సార్ యథాప్రకారం పిల్లలను తీసుకొచ్చాడు. ముందురోజే హెడ్మాస్టరును అడిగితే, "పోండి, పోండి" అన్నాడట. ఏటా అంతే, నోటిమాట. ఆ మరుసటి వారం ప్రైవేటు కాలేజీ మనిషి బడికి వచ్చి, తమ ఏసీ గదుల గురించి, బస్సుల గురించి గంటసేపు చెప్పి, "ఎవరెవరు మా దగ్గర చేరతారు, చేతులెత్తండి" అన్నాడు. మొదట్లో సగం చేతులు లేచేవట. ఈసారి అక్కడక్కడా ఒకటి రెండు. అతను ఏం డౌటున్నా అడగమన్నాడు. ఒక పిల్ల లేచి, "సార్, మీ కాడ మైక్రోస్కోపులు ఎన్ని ఉన్నయ్? మమ్మల్ని ముట్టుకోనిస్తరా?" అని అడిగింది.

అతను మళ్ళీ బస్సుల గురించే మొదలుపెట్టాడట. పిల్లలు కిసుక్కున నవ్వారు. పక్కనే నిలబడ్డ హెడ్మాస్టరు ముఖం మాడిపోయిందట.

కొద్ది రోజులకే సైన్స్ సార్‌కు పై ఆఫీసు నుంచి సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. అనుమతి లేకుండా, పనివేళల్లో, ఆడపిల్లలను ఆటోల్లో వేసుకొని బయటి ఊరికి తీసుకెళ్ళాడని హెడ్మాస్టరే ఫిర్యాదు చేశాడు. "పోండి, పోండి" అన్న నోటితోనే. అది చాలదన్నట్టు ఇంకో వాక్యం చేర్చాడు: సదరు కళాశాలలోని ఒక మహిళా అధ్యాపకురాలితో గల వ్యక్తిగత పరిచయం కారణంగా ఇట్టి చర్యలకు పాల్పడుతున్నాడని.

సార్ ఆ వాక్యం నాకు ఫోన్‌లో చదివి వినిపించలేకపోయాడు. ఫొటో పంపాడు. కింద "సారీ మేడం" అని ఒక మెసేజ్. అతను ఎందుకు సారీ చెప్పాలి?

ప్రభుత్వ బడి మాస్టారు తన పిల్లలకు ప్రభుత్వ కాలేజీ చూపించాడు. దానికి మెమో! పిల్లల నంబర్లు ఎవరికో అప్పగించినవాడికి కాదు, బీరువాకు తాళం వేసినవాడికి కాదు.

మా ప్రిన్సిపాల్ గారి దగ్గరికి పరిగెత్తాను. మంచివాడే, కాని గాలివాటం మనిషి. తలుపు వేసి, మెల్లగా, "మేడం, ఇది వాళ్ళ డిపార్ట్‌మెంట్ సంగతి. మనం తలదూర్చొద్దు. కాలేజీ ఎవర్నీ పిలవలేదు, వాళ్ళే వచ్చారు అని ఒక ముక్క రాసివ్వండి. మీ పేరు కూడా బయటికి రాదు" అన్నాడు.

"పోయినసారి ఆ పిల్లల ఫొటోలు గ్రూపులో పెట్టి, పెద్దసార్లతో శభాష్ అనిపించుకున్నది ఎవరు సార్?"

ఆయన ఫ్యాన్ వైపు చూశాడు.

"నేను పిలిచాను. నేను పిలిచానని రాసిస్తాను. విచారణకు కూడా వస్తాను."

"మీ ఇష్టం మేడం. ఆడవాళ్ళు, రేపు నలుగురూ నాలుగు రకాలుగా..." అని ఆపేశాడు. ఆ వాక్యం పూర్తి చేయనందుకు ఈనాటికీ ఆయన్ను క్షమించలేదు. పూర్తి చేసి ఉంటే కనీసం జవాబు చెప్పేదాన్ని.

ఇంట్లో మావారికి ఫిర్యాదు ఫొటో చూపించాను. ముందు నవ్వాడు. రెండోసారి చదివి నవ్వు ఆపేశాడు. "ఎప్పుడు విచారణ? నేనొస్త నడువు" అన్నాడు. అంతే. ఇంకో ప్రశ్న అడగలేదు.

విచారణ వికారాబాద్‌లో పెట్టారు. మేమిద్దరం రైల్లో దిగి ఆఫీసుకు చేరేసరికి సైన్స్ సార్ వచ్చి ఉన్నాడు. తన భార్యను వెంట తెచ్చుకొన్నాడు. ఆమెను నేను చూడటం అదే మొదటిసారి. దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకొని, "మీరు ఫికర్ చెయ్యకండి అక్కా. మా ఇంట్ల మీ మైక్రోస్కోపు ముచ్చట విని విని నాకు చెవులు పోయినయ్" అంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఆటోల్లో వచ్చిన పిల్లల తల్లిదండ్రుల్లో ఒక్కరూ రాలేదు. ఎందుకు వస్తారు? పదో తరగతి హాల్ టికెట్లు హెడ్మాస్టరు చేతుల మీదుగానే కదా అందాలి. ఊళ్ళో ఆ మాట చెవిన వేయించాడని తరువాత తెలిసింది. వచ్చింది ఒకే ఒక్క పిల్ల, మా రెండో సంవత్సరం విద్యార్థి, ఆ నత్తి పిల్ల. తండ్రి ఆ రోజు పని మానుకొని, తెల్లచొక్కా వేసుకొని ఆమె పక్కన నిలబడ్డాడు. మేము రమ్మనలేదు. కాలేజీలో ఆ నోటా ఈ నోటా విని తనే వచ్చింది.

మమ్మల్ని లోపలికి పిలిచారు. విచారణకు కూర్చున్న అధికారి నడివయసు మనిషి, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకొని కాగితాలు తిరగేస్తున్నాడు. హెడ్మాస్టరు ఆయన పక్క కుర్చీలో. మేము నిలబడి ఉన్నాం. అధికారి తల ఎత్తకుండానే అడిగాడు.

"మీ ఇద్దరికి ఏం సంబంధం?"

ఏళ్ళ తరబడి మీటింగుల్లో సత్సంబంధాలు, సత్సంబంధాలు అని ఊదరగొట్టింది వీళ్ళే. తీరా ఒక సంబంధం కుదిరాక ముందున్న 'సత్' పీకేసి, మిగిలినదాన్ని నా ముఖాన కొట్టారు.

"ఆ సార్ చదువు చెప్పి పంపిన పిల్లలకు నేను చదువు చెప్తాను. అదీ మా సంబంధం. ఇంకేమైనా అడగాలంటే నా భర్త బయట బెంచీ మీద ఉన్నాడు. సార్ గారి భార్య కూడా అక్కడే ఉంది. వాళ్ళనే అడగండి" అన్నాను. నా గొంతు గది దాటి వెళ్ళినట్టుంది. తలుపు సందులోంచి చూస్తే బెంచీ మీద వాళ్ళిద్దరూ టీ తాగడం ఆపి మా వైపే చూస్తున్నారు.

అధికారి అద్దాలు పైకి నెట్టుకొని, మొదటిసారి మా ముఖాలు చూశాడు. "అది కాదు మేడం నేను అడిగేది..." అని నసిగాడు. ఏది అడిగాడో చివరిదాకా చెప్పలేదు.

తండ్రీ కూతుళ్ళను పిలిచారు. తండ్రి ముందు మాట్లాడాడు. "సాబ్, రెండేండ్ల కింద మా బిడ్డ గిట్లనే పోయింది. ఆటో నేనే మాట్లాడిన. జబర్దస్తీ ఎవ్వరు తీస్కపోలే. గా దినం ఇంటికొచ్చి, అబ్బాజాన్, నేను గీ కాలేజీలనే చదువుత అన్నది. మా ఇంట్ల పదో తరగతి దాటింది ఈమెనే సాబ్."

"నువ్వు చెప్పమ్మా" అన్నాడు అధికారి.

ఆ పిల్ల నోరు తెరిచింది. మాట మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నించింది. హెడ్మాస్టరు కుర్చీలో కదిలి, "టైం వేస్ట్ సార్, ఈమెకు మాటలు రావు" అన్నాడు. ఆమె ఆయన బడిలో అయిదేళ్ళు చదివిన పిల్ల. అధికారి కూడా గడియారం చూసుకొని, "తొందరగా చెప్పమ్మా" అన్నాడు.

అప్పటిదాకా చేతులు కట్టుకొని ఒక్క మాట మాట్లాడని సైన్స్ సార్ ముందుకు వచ్చాడు. "ఆగండి సార్. ఆమెకు జర టైం పడ్తది. చెప్తది. మీరు ఆగండి."

మెమో అందుకొన్న మనిషి, ఉద్యోగం మీదికి వచ్చిన మనిషి, తన తరఫున ఏమీ అడగలేదు. ఆ పిల్ల కోసం ఆగమని అడిగాడు. గదిలో అందరం ఆగాం. ఆ పిల్ల తండ్రి చొక్కా చివర పట్టుకొని, ఒక్కొక్క మాటనే ఏరుకుంటూ చెప్పింది.

"సార్ తీస్కపోకుంటే... కాలేజీ అంటే... నాలాంటోళ్ళకు కాదు... అనుకుంటుంటి. ఇప్పుడు... నా పెండ్లి... అయిపోయి ఉంటుండె సార్."

అధికారి కలం కింద పెట్టాడు. కథల్లో అయితే ఇక్కడ న్యాయం జరగాలి. మనది కథ కాదు కదా, ఆఫీసు. కాసేపటికి ఆయన సర్దుకొని, "అదంతా సరే. రూల్ ప్రకారం రాతపూర్వక అనుమతి లేదు. ఇక ముందు ఇలా చేయను అని రాసివ్వండి, వార్నింగ్‌తో వదిలేస్తా" అన్నాడు.

సైన్స్ సార్ అక్కడే బల్ల చివర వంగి రాసిచ్చాడు. అధికారి చదివి, మళ్ళీ చదివి, పెదవి కొరుక్కున్నాడు. నాకు చదివే అవకాశం తరువాత దొరికింది. "ఇక ముందు రాతపూర్వక అనుమతితోనే పిల్లలను కళాశాలకు తీసుకువెళ్ళగలను. వచ్చే శనివారమునకు సదరు అనుమతి ఇప్పించగలరని ప్రార్థన" అని ఉంది.

అనుమతి రాలేదని వేరే చెప్పాలా? వార్నింగ్ మాత్రం సర్వీసు రిజిస్టర్‌లో ఎక్కింది. వేసవి తరువాత అతన్ని కర్ణాటక సరిహద్దు దగ్గరి ఒక బడికి, పిల్లలు సగంమంది ఇంట్లో కన్నడం మాట్లాడే చోటికి సర్దుబాటు పేరుతో పంపేశారు. మా ప్రిన్సిపాల్ గారు ఆ ఏడాది అడ్మిషన్ల మీటింగులో మళ్ళీ అదే సత్సంబంధాల మాట చదివాడు. నేను లేచి బయటికి వెళ్ళిపోయాను. ఎవరూ ఎందుకని అడగలేదు, అందరికీ తెలుసు.

అంతకంటే పెద్ద దెబ్బ సెప్టెంబరులో తగిలింది. వికారాబాద్‌లో ఉత్తమ ఉపాధ్యాయుల సన్మానసభకు మా కాలేజీ తరఫున వెళ్ళాల్సి వచ్చింది. వేదిక మీదికి పిలిచిన వాళ్ళలో ఆ హెడ్మాస్టరు ఉన్నాడు. పిల్లల భద్రత విషయంలో చూపిన శ్రద్ధకట! శాలువా కప్పారు. హాలంతా చప్పట్లు. నా రెండు చేతులూ ఒళ్ళో బిగుసుకుపోయాయి. పక్క వరుసలోంచి గట్టిగా చప్పట్లు వినపడితే తిరిగి చూశాను. సైన్స్ సార్! కొత్త బడి నుంచి ఎవరితోనో వచ్చినట్టున్నాడు. మనస్ఫూర్తిగా కొడుతున్నట్టే ఉన్నాడు.

సభ అయ్యాక బయట పట్టుకొని నిలదీశాను. "మీకు సిగ్గు లేదా సార్? ఎవరికి కొట్టారు చప్పట్లు?"

అతను నవ్వలేదు. "మేడం, కోపం నాకు లేదనుకుంటున్నరా? మస్తుంది. కాని పిల్లలు ఆ బడిలనే ఉన్నరు గద. నన్నైతే పంపించేసిన్రు. రేపు ఆ గేటు దాటి లోపలికి పోవాల్సింది మీరు. నా మీది కోపంతోని ఆయన మిమ్మల్ని గూడ బయటనే నిలబెడ్తే, నష్టం ఎవరికి? ఆయన కోపం జర దిగాలెననే కొట్టిన."

నాకు ఆ మాట నచ్చలేదు. ఇప్పటికీ పూర్తిగా నచ్చలేదు. తప్పు చేసినవాడు శాలువా కప్పుకోవాలి, దెబ్బ తిన్నవాడు చప్పట్లు కొట్టాలి, అవమానపడిన నేను పోయి నమస్కారం పెట్టాలి. ఇదెక్కడి న్యాయం? ఆ రాత్రి మావారితో గంటసేపు ఇదే వాదించాను. ఆయన అన్నీ విని, "మరి నవంబర్‌ల పోతవా, పోవా?" అని మాత్రం అడిగాడు.

పోయాను. ఆ హెడ్మాస్టరు గదిలో శాలువా కప్పుకొన్న ఫొటో ఫ్రేము కట్టించి గోడకు తగిలించి ఉంది. దాని కిందే నిలబడి నమస్కారం పెట్టి, పదో తరగతికి ఒక గంట ఇవ్వమని అడిగాను. ఆయన నన్ను కూర్చోమనలేదు. కాసేపు ఫోన్ చూసుకుంటూ నిలబెట్టి, చివరికి, "పోండి, పోండి" అన్నాడు.

"ఆ మాటే కాగితం మీద రాసివ్వండి సార్" అన్నాను.

తల ఎత్తి చూశాడు. నేను కదలలేదు. సొరుగు లాగి కాగితం తీసి, రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. దాన్ని మడిచి బ్యాగులో పెట్టుకొని తరగతిలోకి వెళ్ళాను. పిల్లలు లేచి నిలబడ్డారు.